నూట ఎనిమిది రాగి కాసులు

సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా సింగన చేయవలసిన పనులు ఇవి:

ఒకటి, పొగలు కక్కే గంధకపు సరస్సు దాటాలి.

రెండు, ధూమ్రకేశుడనే మాంత్రికుడి కోటలోకి దొంగలా గోడ దూకి కాకుండా, దర్జాగా ముందు గుమ్మంలోంచే వెళ్ళాలి.

మూడు, ఆ మాంత్రికుడు దాచుకున్న నూట ఎనిమిది రాగి కాసుల్లోంచి ఒకే ఒక్కదాన్ని ఎంచుకోవాలి.

నాలుగు, ఆ కాసు ఏ వన్నెదో తప్పు లేకుండా చెప్పాలి. చెప్పి, దాని వెల కట్టాలి.

ఐదు, రాకుమారి కువలయ పెట్టుకున్న మీసం ఊడిపోకుండా చూసుకోవాలి.

ఐదోది చూడ్డానికి చిన్న పనే. కానీ తెల్లవారినప్పటి నుంచి సింగనను ఎక్కువగా హడలగొడుతున్నది అదే. మేకవెంట్రుకల మీసం, మైదా జిగురు, సరస్సు మీది వేడి ఆవిరి. ఈ మూడింటికీ పొత్తు కుదరడం లేదు.

ఆ కాసు సంగతి ముందే చెప్పాలి. అది నిజానికి కాసు కాదు, మనిషి. కనకవేణి రాజ్యానికి యువరాజు, కువలయకు అన్న, అరిందముడు. ఆరు రోజుల కిందట వేటకు వెళ్ళినవాణ్ణి ధూమ్రకేశుడు ఒక్క చిటికెడు బూడిదతో రాగికాసుగా మార్చి, మొలలో దోపుకుని పోయాడు. పోతూ పోతూ అడవిలో చెట్టుకు ఒక తాటాకు గుచ్చి వెళ్ళాడు: "నా పళ్ళెంలో నూట ఎనిమిది కాసులున్నవి. మీవాణ్ణి గుర్తుపట్టి, వన్నె చెప్పి, వెల కట్టినవాడు తీసుకుపోవచ్చును. తప్పినవాడు నూట తొమ్మిదవ కాసు అగును. ఏడవ నాటి మధ్యాహ్నము దాటెనా, మనిషి ఇక రాగియే."

సేనాపతులు కత్తులు నూరారు. కాసును కత్తితో ఏం చేస్తారు? పండితులు గ్రంథాలు తిరగేశారు. కువలయ మాత్రం ఎవరితోనూ చెప్పకుండా కాసులు అచ్చువేసే టంకశాలకు వెళ్ళి, "ఇక్కడ రాగి చూడ్డం ఎవరికి బాగా వచ్చు?" అని అడిగింది. అందరి వేళ్ళూ మూలన కూర్చున్న సింగన వైపే తిరిగాయి.

సింగన కంచరివారి బిడ్డ. తాత ముత్తాతలందరూ కొలిమి ముందు చెమటోడ్చి బిందెలు కొట్టినవాళ్ళు. ఆ ఇంట్లోంచి చదువుకుని, టంకశాలలో చాప మీద కూర్చుని పనిచేసే షరాబు అయిన మొదటివాడు అతనే. ఊళ్ళ నుంచి తిరిగివచ్చిన పాత కాసులను వన్నెల వారీగా వేరుచేయడం అతని పని. ఖడ్గం పట్టడం రాదు, గుర్రం ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. అయినా రాకుమారి అడగగానే, "సరే దొరసానీ, మా అమ్మకొక మాట చెప్పొస్తాను" అన్నాడు. అంతే.

ఇప్పుడు ఇద్దరూ గంధకపు సరస్సు మధ్యలో ఉన్నారు. పడవలో కాదు. ఆ వేడికి చెక్కపడవల సందుల్లో పూసిన కీలు కరిగిపోతుందని సింగన రాజుగారి వంటశాల నుంచి పెళ్ళిళ్ళ గంగాళం ఒకటి తెప్పించాడు. నలుగురు పట్టే రాగి గంగాళం. తెడ్లకు బదులు పులిహోర కలిపే పెద్ద గరిటెలు.

"సింగనా, కాస్త గట్టిగా తొయ్యి. ఏం చూస్తున్నావు అలా?"

"గంగాళం చూస్తున్నానండీ."

"ప్రాణాల మీదికి వచ్చి పడితే గంగాళం చూస్తాడట!"

"ఇటు చూడండి. ఎక్కినప్పుడు ఎర్రగా ఉందా? ఇప్పుడు అంచు చూడండి. పసుపు, ఊదా, నీలం... నెమలి మెడలాగా. నిండా గడియ కాలేదు. ఇదే వన్నె పెట్టెలో దాచిన కాసుకు రావాలంటే అరవై ఏళ్ళు పడుతుంది!"

కువలయ ఏదో అనబోయింది. ఇంతలో నెత్తిమీద రెక్కల చప్పుడు. పొగలోంచి పొగ విడివడి, బూడిదరంగు రాబందులు నాలుగు, కళ్ళలో నిప్పురవ్వలతో కిందికి దూకాయి. కువలయ గరిటె తిప్పి మొదటిదాని మెడ మీద వేసింది. అది చప్పుడు లేకుండా రెండు ముక్కలై, మళ్ళీ రెండు రాబందులై లేచింది.

"కొడితే పెరుగుతున్నాయి!"

"కొట్టకండి! పొగ కదా, తడపండి!"

ఇద్దరూ గరిటెలతో సరస్సు నీళ్ళు ఎత్తి ఆకాశంలోకి చిమ్మారు. వేడి చుక్కలు తగిలిన చోటల్లా రాబందులు చుయ్‌చుయ్‌మంటూ కరిగి నల్లటి వానగా రాలాయి. ఆ వాన వెలిసేసరికి గంగాళం అవతలి ఒడ్డున రాళ్ళకు కొట్టుకుంది. కువలయ ముఖమంతా మసి. మీసం ఒక కొస తెగిపోయి చెంపకు వేలాడుతోంది. సింగన తన తలపాగా కొంగుతో తుడిచి, మీసాన్ని మళ్ళీ అతికించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"ఎలా ఉంది?"

"కొంచెం ఆశ్చర్యపోయిన సెట్టిగారిలా ఉన్నారు. పరవాలేదు."

ఎదురుగా ధూమ్రకేశుడి కోట. దాని బురుజులు రాగిరేకులతో తాపడం చేసినవి. ఏ ఏటి రేకు ఆ ఏటి రంగులో ఉంది. కింది వరసలు నల్లకలువల నలుపు, వాటి పైన పండిన చింతగింజల గోధుమ, ఆ పైన దానిమ్మ తొక్క, అన్నిటికంటే పైన నిన్ననే కొట్టినట్టు పొద్దుటి ఎండలో భగ్గుమంటున్న ఎరుపు. కోడెనాగుల ఆకారంలో చెక్కిన దూలాల నుంచి గంటలు వేలాడుతున్నాయి. గాలి వీచినప్పుడల్లా కోట మొత్తం గొంతు సవరించుకుంటున్నట్టుంది. భయపడవలసిన చోట సింగన తల వెనక్కి వంచి, నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయాడు.

తలుపు తీసింది ఒక ముసలామె. వంగిన నడుము, చేతిలో మెత్తటి నూలుగుడ్డ.

"మేం మరకతద్వీపం నుంచి వచ్చాం" అంది కువలయ గొంతు బొంగురు చేసి. "నేను వర్తకుణ్ణి. వీడు నా షరాబు. మీ దొర కాసులు చూడాలని..."

ముసలామె ఆమెను కిందినుంచి పైకి చూసింది.

"లోపలికి రా తల్లీ. మీసం మీద చెయ్యి వెయ్యకు, ఊడుద్ది."

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"నేనేం చెప్పనులే" అంది ఆమె ముందు నడుస్తూ. "నా పేరు పోలమ్మ. నలభై ఏళ్ళుగా ఇక్కడ కాసులు తుడుస్తా ఉండా. దొర నీళ్ళు పోసుకుంటన్నాడు. ఆ జుట్టంతా పొగే గదా, తడిసేతలికి జాము పడతది. ఆలోపల అడగాల్సిందేదో అడగండి."

సింగనకు కావలసింది ఆ మాటే. "పోలమ్మా, మనిషి కాసైతే వయసు ఏమవుతుంది?"

ఆమె ఆగి అతని వైపు తిరిగింది. ఇంతవరకు వచ్చినవాళ్ళెవరూ ఆమెను ఆ ప్రశ్న అడగలేదు కాబోలు.

"యాడికీ పోదు నాయనా. వన్నె అయిపోద్ది. గడువు దాటితే మళ్ళీ మనిషి గాడు, గానీ ప్రాణం ఆ రాగిలోనే ఉంటది. పసిబిడ్డయితే ఎర్రగా మెరుస్తా ఉంటది. ముసలోళ్ళు నల్లగా. ఒంటిమీద ఎండ తగిలిన చోట ముదురు, తగలని చోట లేత. మనిషెట్టా బతికాడో అట్టానే ఉంటది కాసు. మరి పళ్ళెంలో అయ్యి ఎన్నో లేవు. తక్కినయ్యన్నీ ఉత్త కాసులు. జనానికి తెలవకుండా దొర గంధకం పొగేసి రంగెక్కిస్తాడు."

"మీరెందుకు ఇక్కడ...?" అని కువలయ అడగబోయింది.

పోలమ్మ గుడ్డను చేతిలో నలిపింది. "మా ఆయన్ని తీసకపోదామని వచ్చా. ఏది ఆయనో గుర్తుపట్టలేకపోయా. తప్పు చెప్తే నన్నూ కాసు జేస్తాడు, అప్పుడాయన్ని చూసేదెవరని, పనికి కుదిరా. కుదిరిన నాలుగో నాడు పండగ. పళ్ళెంలో రాగి అంతా నల్లంగా కంపుగొట్టుకోని ఉండె. పండగపూట నల్లటి రాగి ఏ ఇంట్లోనయినా ఉంచుతారా? చింతపండు నానబెట్టి, ఉప్పేసి, ముందు వరసలో ఏడు కాసులు తళతళలాడేట్టు తోమిపెట్టా."

సింగన పళ్ళు బిగించాడు. టంకశాలలో రోజూ చూసే సంగతే అది. ఎవరో ఒక ఇల్లాలు ముచ్చటపడి తోముతుంది. నూరేళ్ళ వన్నె ఒక్క పూటలో మురిక్కాలవ పాలు. నూరు వరహాలు పలికే కాసు ఆపైన కూరగాయలకు కూడా చెల్లదు.

"దొర మూడు దినాలు అన్నం తినకుండా ఏడిశాడు. అప్పుడన్నాడు, ఆ ఏడిట్లో నీ మొగుడు కూడా ఉన్నాడే ముండా, అని. ఏ కాసో చెప్పలా. నలభై ఏళ్ళుగా ఆ ఏడూ తుడస్తానే ఉండా. ఆయన తోలు నేనే ఒలిచానా? ఉన్నాడా, పోయాడా? తెలవదు."

లోపలి నుంచి గంట మోగింది.

ధూమ్రకేశుడి కొలువు గుండ్రంగా ఉంది. పైకప్పులో ఒకే ఒక్క రంధ్రం. అందులోంచి పడిన ఎండ పళ్ళెమంత వలయమై నేలమీద మెల్లగా పాకుతోంది. అది నడిమి రాతిని తాకితే మధ్యాహ్నం. మూరెడు దూరం మిగిలింది. సింహాసనం మీద ధూమ్రకేశుడు, భుజాల నుంచి తడిపొగ బొట్లు బొట్లుగా కారుతుండగా, చిన్నపిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు.

"షరాబును తెచ్చుకున్నావా సెట్టీ? భేష్! ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా ఏడ్చేవాళ్ళూ, కత్తి దూసేవాళ్ళూ. ఒక్కడంటే ఒక్కడు కాసును సరిగా పట్టుకోలేదు. ఏదీ, ఇది పట్టుకో."

విసిరాడు. సింగన అరచేత్తో కాకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, అంచులు మాత్రమే తగిలేట్టు పట్టుకున్నాడు. మాంత్రికుడి కనుబొమలు లేచాయి.

కాసు అద్భుతంగా ఉంది. ఒక వైపు ఇంద్రధనుస్సు చుట్టుకున్నట్టుంది. సింగన దాన్ని ఎండవలయంలో పెట్టి తిప్పాడు. హా అని ఊది చూశాడు. బొటనవేలితో అంచు రుద్ది వాసన చూశాడు.

"చెప్పు! నెమలికంఠం వన్నె! నూరు వరహాలు చేయదూ?"

"చేయదండీ. దీనికి పొగ పెట్టి గడియైనా అయిందో లేదో."

"ఎట్లా చెప్పగలవు?" ధూమ్రకేశుడి గొంతులో కోపం లేదు, ఆత్రం ఉంది.

"సింహం జూలు మీద గీత ఉంది చూడండి. చేతులు మారేటప్పుడు పడ్డ గీత. పాత వన్నె మీద కొత్త గీత పడితే గీతలో రాగి ఎర్రగా కనిపించాలి. దీనికి గీతలో కూడా నీలమే. అంటే గీత పడ్డాక రంగు పడింది. ఇంకోటి, కాలం పెట్టిన రంగు ఒకదాంట్లోంచి ఒకటి కరిగి వస్తుంది. ఇది మెట్లు మెట్లుగా ఉంది. ఉత్త కాసు. విలువ కాసే."

ధూమ్రకేశుడు తొడ చరిచి నవ్వాడు. గోడల మీద గంటలన్నీ మోగాయి. "పోలీ! పళ్ళెం తీసుకురా!"

పోలమ్మ పళ్ళెం తెచ్చి, నేలమీద పెట్టి, పక్కనే చతికిలబడింది. తొమ్మిది వరసలు, వరసకు పన్నెండు కాసులు. అన్నిటి మీదా ఒకటే సింహం.

సింగన వంగాడు. ఆ తరవాత అతనికి కోట గుర్తులేదు, మాంత్రికుడు గుర్తులేడు. ఇది పొగ. ఇదీ పొగ. ఇది ఆవుపేడలో పూడ్చి తీసినది. దీనికి నిజంగానే కిలుము పట్టింది కానీ మనిషి కాదు, ఏదో బావిలో పడి ఉన్న కాసు. వేళ్ళు వరస వెంట పోతున్నాయి. మొదటి వరసలో ఐదో కాసు దగ్గర ఆగాయి.

మసక గోధుమరంగు. చూడ్డానికి ఏ అందమూ లేదు. ఏటవాలుగా వెలుగు పట్టేసరికి రంగు కింద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు వందలు కనిపించాయి. పీచుతో తోమిన గీతలు. ఆ గీతల మీదుగా, తొందర లేకుండా, పలచటి పొరలుగా కొత్త వన్నె పట్టింది. తోమిన తక్కిన ఆరింటికీ పొగ పెట్టి మళ్ళీ రంగు వేశారు. దీనికి మాత్రం పొగ పెట్టలేదు.

అతను తల ఎత్తకుండా, పోలమ్మకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: "అయిదోది, అమ్మా. ఉన్నాడు. ప్రాణం లేని రాగికి ఈ వన్నె పట్టదు. నలభై ఏళ్ళూ ముదురుతూనే ఉన్నాడు."

పోలమ్మ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని, అయిదో కాసు వైపు వంగింది.

ఎండవలయం రాతికి జానెడు దూరంలో ఉంది.

దారిలో సింగన కువలయను విసిగించి విసిగించి అడిగిన సంగతి ఒకటుంది. అరిందముడు ఎనిమిదో ఏట విల్లు పట్టాడు. ఆనాటి నుంచి ఎడమ ముంజేతికి తోలుపట్టీ, పడుకునేటప్పుడు తప్ప తీసేవాడు కాదు. ఎండ తగలని చోట లేత వన్నె ఉండాలి. ఉంది! ఎర్రటి పట్టీ ఉన్న కాసు ఉంది. కానీ ఒకటి కాదు, పదమూడు.

"దొంగవాడు" అని పళ్ళ మధ్య నుంచి అంది కువలయ. "గుడ్డపీలిక చుట్టి పొగ పెట్టాడు."

"ష్. దానివల్ల మనకు మేలే జరిగింది."

సింగన పదమూడింటినీ ఒక వరసగా పేర్చాడు. పన్నెండింటికి పట్టీ అంచు కత్తితో కోసినట్టుంది. ఇటు ఎరుపు, అటు గోధుమ, మధ్యలో ఏమీ లేదు. పదమూడోదానికి అంచే లేదు. ఎరుపు దానిమ్మగా, దానిమ్మ తేనెరంగుగా, తేనె చింతగింజగా మెల్లగా మారిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతికి కట్టిన పట్టీ, ఇరవై రెండేళ్ళ వాడి చేతికి కట్టిన పట్టీ ఒక కొలత కావు. చెయ్యి పెరిగింది, పట్టీ జరిగింది. ఏటేటా ఒక నూలుపోగంత.

"ఇది" అన్నాడు సింగన. "ఇరవై రెండేళ్ళ వన్నె. దానిమ్మ మీద చింతగింజ, ఎడమన అచ్చు ఎరుపు నిలిచింది. తోమలేదు, పొగ పెట్టలేదు, గీత లేదు. మొదటి తరగతి."

ధూమ్రకేశుడు లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కాసును సింగన చూసిన వైపు నుంచే చూశాడు. "అవునురా" అన్నాడు మెల్లగా. "అంచు లేదు. ఆరు రోజులుగా చూస్తున్నా, నాకే తట్టలేదు... సరే. వెల?"

సింగన దీని గురించి మూడు రోజులు ఆలోచించాడు. బంగారం చెప్తే తక్కువ, రాజ్యం చెప్తే అబద్ధం. "మనిషికి మనిషే వెల" అన్నాడు.

"సరిగ్గా చెప్పావు!" మాంత్రికుడి కళ్ళు వెలిగాయి. నేలలోంచి రాగితక్కెడ ఒకటి లేచింది. "మీ టంకశాలల కట్టు నాకు తెలియదనుకున్నావా షరాబూ? చెప్పిన ధరకు, అడిగితే, చెప్పినవాడే కొనాలి. కొను!"

ఒక సిబ్బెలో అరిందముడి కాసు పడింది. రెండోది ఖాళీగా పైకి లేచి ఊగింది. ఎండవలయం రాతికి రెండు వేళ్ళ దూరం.

ఆ కట్టు సింగన రోజూ పాటించేదే. వెల గురించి అంత ఆలోచించినవాడు, చెల్లించడం గురించి ఆలోచించనే లేదు. ఇంట్లో అమ్మ గుర్తొచ్చింది. అడుగు ముందుకు వేశాడు.

"ఆగు!" కువలయ మీసం పీకి పారేసింది. "వాడు నా అన్న. నేనెక్కుతాను."

"తప్పుకోండి దొరసానీ, వెల చెప్పింది నేను."

"తప్పుకోవాల్సింది మీరిద్దరూ" అంది పోలమ్మ.

వాళ్ళు చూసేసరికి ఆమె తక్కెడ దగ్గరే ఉంది. గుప్పిట మూసి ఉంది. పళ్ళెంలో మొదటి వరసలో అయిదో చోటు ఖాళీగా ఉంది.

"పోలమ్మా, వద్దు! మీకేం పట్టిందని..."

"నలభై ఏళ్ళు తెలవక కూకున్నా నాయనా. ఇయాల తెలిసె. ఇంక కూకునే పనేముంది?" ఆమె అతని చెంప నిమిరింది. ఆ అరచెయ్యి కాసులు తుడిచి తుడిచి పట్టులా అయిపోయింది. "మీ అమ్మకాడికి పో."

సిబ్బె మీద కూర్చుంది. తక్కెడ ఒక్కసారి సమంగా నిలిచింది.

మెరుపు మెరిసింది. ఒక వైపు అరిందముడు దగ్గుతూ, తడబడుతూ, ఎడమ ముంజేతిని పట్టుకుని నేలమీద పడ్డాడు. రెండో వైపు సిబ్బెలో రెండు కాసులు, ఒకదాని మీద ఒకటి, అంటుకుని ఉన్నాయి.

ధూమ్రకేశుడు పై కాసును రెండు వేళ్ళతో అంచులు పట్టి ఎత్తబోయాడు. ఊడిరాలేదు. ముఖం ఎర్రబడింది. "పోలీ!" అని అరిచాడు. ఆ అరుపుకు జుట్టు మొత్తం విడిపోయి వెయ్యి రాబందులైంది. "కాసు కొన్నారు, దారి కొనలేదు! పట్టండి!"

ముగ్గురూ పరుగెత్తారు. గంటలు తెగి నెత్తిన పడుతున్నాయి, నాగుల దూలాలు బుసకొడుతూ గుమ్మాలకు అడ్డం వాలుతున్నాయి. అరిందముడు ఊడిపడిన రేకు ఒకటి డాలుగా ఎత్తి దారి చేశాడు. గంగాళంలోకి దూకి తోశారు. సరస్సు మధ్యకు వచ్చేసరికి అడుగున, గంధకం తిని పలచబడిన చోట, గోరంత చిల్లు పడి సలసల కాగే నీరు లోపలికి చిమ్మింది. పైన ఆకాశం కనబడనన్ని రెక్కలు.

"ఏమయ్యా, మాంత్రికుడు పోలీ అని అరిచాడే, ఎవరామె?" అని అరిచాడు అరిందముడు గరిటె తిప్పుతూ.

సింగన తలపాగా విప్పి చిల్లులో కుక్కుతున్నాడు. చేతులు కాలుతున్నాయి. "ఆమెకు ఏడు రోజులున్నాయి ప్రభూ" అన్నాడు. "ఏడో మధ్యాహ్నం లోపల నేను మళ్ళీ ఇక్కడికి రావాలి."

ఇక్కడి నుంచి ఈ కథ చాలా దూరం పరుగెత్తబోతోంది. రాబందులున్నాయి, మునుగుతున్న గంగాళం ఉంది, ఒడ్డు చేరితే యువరాజును చూసి జయజయధ్వానాలు చేసే కనకవేణి నగరం ఉంది. ఆ సందడిలో అందరూ అరిందముడి పేరే తలుస్తారు, కువలయ తెగువనే పొగుడుతారు, కొందరు సింగన కంటిచూపునూ మెచ్చుకుంటారు. చదువుతున్న మీరు మాత్రం, దయచేసి, పోలమ్మను గుర్తుపెట్టుకోండి.